నాపరాయి మీద అరగదీసిన హెడ్డు

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి పాలిష్ యూనిట్లలో ఎవరినడిగినా చెబుతారు, రామేశ్వరమ్మ అరచేతికి కళ్లున్నాయని. మిషను కింద నుంచి వచ్చిన బండ మీద తడి చెయ్యి ఒకసారి జరిపిందంటే చాలు, ఎక్కడ వెంట్రుకవాసి గుంట ఉందో, ఏ మూల లేచి ఉందో చెప్పేస్తుంది. స్కేలు పెట్టి చూసే సూపర్‌వైజరు కూడా చివరికి స్కేలు జేబులో పెట్టుకుని, "ఏం మే, ఇది లోడుకు పోతాదా?" అని ఆమెనే అడుగుతాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. పుట్టింది ఆలూరు పక్కన. వరసగా మూడేళ్లు వాన మొహం చూపించకపోతే, మొగుడు హనుమేష్‌ను వెంటబెట్టుకుని రాళ్ల పనికని ఇటు వచ్చింది. మళ్లీ వెనక్కి పోలేదు.

ఆమె దగ్గర ఒక ఎర్ర కరిజ్మా ఉంది. పాత బండి, కానీ రేసు బండే. చీర కుచ్చిళ్లు ఎగదోపి, పైన హనుమేష్ పాత చొక్కా తొడుక్కుని, ఆ బండి మీద ఆమె రోజూ పదహారు కిలోమీటర్లు పనికి వస్తుంది. వెనక సీటు మీద టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని హనుమేష్ ఉంటాడు.

మొదట్లో టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్లు ఊరుకున్నారా?

"ఏమప్పా హనుమేషూ, పెండ్లాం తోల్తాంటే ఎనక కూచోను సిగ్గు లేదా?"

"నాకు తోలేది రాదప్పా. కూచునేది వచ్చు," అనేవాడు హనుమేష్. అంత తాపీగా ఒప్పుకునే మనిషిని ఎగతాళి చేయడం కష్టం. నెలలో వాళ్లే విసిగిపోయారు.

ఆ బండి ఆమెకెలా వచ్చిందంటే, అది ముందు యూనిట్ ఓనరు నారాయణరెడ్డి కొడుకు భూపేష్‌ది. కాలేజీ రోజుల్లో తండ్రి మెడలు వంచి కొనిపించుకున్నాడు. యూనిట్ వెనక గుట్ట మీద పాత క్వారీ ఉంది. దానికి లారీల కోసం కొట్టిన రస్తా నిట్టనిలువుగా ఉంటుంది. మధ్యలో ఒక మలుపు, ఆ మలుపు నిండా రాతి పెళ్లలు. ఆ రస్తాను ఒక్క దమ్మున ఎక్కిస్తానని స్నేహితుల ముందు బీరాలు పలికి భూపేష్ బయలుదేరాడు. ఇంజన్లో ఆయిలు ఉందో లేదో కూడా చూసుకోలేదు. సరిగ్గా మలుపులో ఇంజను పట్టేసింది. మనిషి ఒక పక్క, బండి ఒక పక్క. మోచెయ్యి విరిగింది. తర్వాత పదేళ్లు ఆ బండి షెడ్డు మూలలో రాతిపిండి కింద పడి ఉంది.

రామేశ్వరమ్మ కాపురముండే ఊరికి పొద్దుటి బస్సు ఆగిపోయిన ఏడాది నారాయణరెడ్డే పిలిచి చెప్పాడు. "ఆ ఎర్ర బండి తుప్పు పట్టిపోతాండాది. బాగు చేయించుకుని తోలుకో. ఇంగ అది నీదే." పని చేస్తున్న నలుగురూ విన్నారు. పెద్దాయన మాట పెద్దాయన మాటే అనుకుని ఆమె కాగితాల సంగతి ఎత్తలేదు. నలభై మూడేళ్ల వయసులో యూనిట్ ఆవరణలోనే పడుతూ లేస్తూ నేర్చుకుంది.

పోయిన ఏడాది పెద్దాయన కన్నుమూశాడు. పెత్తనం భూపేష్ చేతికి వచ్చింది. ఒక సోమవారం పొద్దున, పనిలోకి దిగబోతున్న రామేశ్వరమ్మను గేటు దగ్గరే ఆపాడు.

"ఏం మే రామేశ్వరమ్మా, ఆ బండి ఇంగ ఈన్నే పెట్టి పో. ఇట్లాంటి పాత బండ్లకు ఇప్పుడు శానా గిరాకీ ఉండాది."

"అది మీ నాయన నాకిచ్చినాడు చిన్నరెడ్డీ."

"ఇచ్చినట్టు కాగితం ఉండాదా? ఆర్సీలో ఎవరి పేరు ఉండాదో చూసినావా?"

ఆమెకు ఒళ్లు మండింది. బండి పోతే పని పోయినట్టే. పదహారు కిలోమీటర్లు ఎవడు మోసుకొస్తాడు? పైగా అంతమందిలో పెద్దాయన మాటను గాలికి వదిలేశాడు. గుట్ట వైపు చెయ్యి చూపించింది.

"నువ్వు ఎక్కించలేని రస్తా నేను ఎక్కిస్తా. ఎక్కిస్తే నా పేరున సంతకం పెడతావా?"

పనిలోకి వస్తున్నవాళ్లు అక్కడే ఆగిపోయారు. భూపేష్ మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లయినా మోచెయ్యి సలపరం పోలేదేమో, ఆ చేతిని ఒకసారి తడుముకున్నాడు.

"పెడతా. వచ్చే ఆదివారం. నీ మొగుణ్ణి ఎనక కూచోబెట్టుకుని ఎక్కించాల. నడుమ ఒక్కసారి కాలు కింద పెట్టినా బండి నాది."

అనడమైతే అనేసింది గానీ, సంగతి ఆమెకు తెలియనిదా? చిన్న మిట్ట వచ్చినా బండి ఆయాసపడేది. హనుమేష్ దిగి క్యారియర్ పట్టుకుని నడవాల్సిందే.

ఆ సాయంత్రమే బండిని రైల్వే గేటు పక్కన మెకానిక్ ఏసేపు దగ్గరికి తీసుకుపోయింది. ఏసేపు ఇంజను విప్పి, పైన మూతలా ఉండే హెడ్డును చేతిలోకి తీసుకుని పెదవి విరిచాడు.

"ఆయిలు లేకుండా తోలి కాల్చినాడు గదా, అప్పుడే వంకరపోయింది అక్కా. సందులోంచి బలమంతా గాలికి పోతాండాది. దీన్ని లేతు మీద చదును చేయించాల. ప్రొద్దుటూరికి పంపితే పది దినాలు."

"ఆదివారానికి కావాలప్పా."

"ఆదివారం ప్రార్థన చేస్తా. అంతకన్నా నా చేతిలో ఏం లేదు."

రామేశ్వరమ్మ హెడ్డును లాక్కుని, అడుగు భాగం మీద అరచెయ్యి జరిపింది. "ఈ మూల లేచి ఉండాది. నడుమ గుంట. అంతే గదా?"

ఏసేపు స్కేలు అడ్డం పెట్టి వెలుతురుకు ఎత్తి చూశాడు. అదే మూల, అదే గుంట.

"ఇది ఇనుము కాదక్కా, అల్యూమినియం. మెత్తంది."

"రాయినే నున్నగ చేసే దాన్ని. ఇదెంత? ఇట్ల ఇయ్యి."

బండి లేదు గనక ఆ వారం మొగుడూ పెళ్లాలు ఏసేపు షాపులోనే పడుకున్నారు. మంగళవారం నుంచి మధ్యాహ్నం అన్నం వేళ మొదలుపెట్టింది. అంచు విరిగి పక్కన పడేసిన నల్లబండ ఒకటి చూసుకుంది. అద్దంలా చదునైన బండ. దాని మీద నీళ్లు చల్లి గరుకు వాటర్ పేపర్ పరిచి, హెడ్డును బోర్లించి గుండ్రంగా రుద్దింది. రుద్దడం, కడగడం, చెయ్యి జరిపి చూడడం. పక్క మిషను రమణి తొంగి చూసింది.

"ఏం నూరుతాండావు పిన్నీ?"

"పచ్చడి."

"ఎవరికి?"

"చిన్నరెడ్డికి."

మూడు రోజుల్లో ఆ నవ్వు యూనిట్ అంతా పాకింది.

ఈలోగా ఏసేపు మిగతా పని చూశాడు. గాలి ఫిల్టరు దులిపితే ఇంటికి సున్నం వేసేంత రాతిపిండి రాలింది. కార్బురేటరు కడిగాడు. వాల్వులు సరిగ్గా కూర్చునేలా నూరాడు. మిట్ట ఎక్కడానికి ఊపు రావాలని వెనక చక్రానికి రెండు పళ్లు ఎక్కువున్న స్ప్రాకెట్ బిగించాడు.

"సైలెన్సర్ కూడా కోసేద్దామా అక్కా? పిల్లోళ్లు అంతా అదే చేస్తాండారు."

"అరిస్తే బలమొస్తాదా? అట్లయితే మా ఆడబిడ్డ ఈపాటికి గుట్టలు మోసేది."

శనివారం అంతా బిగించి స్టార్ట్ చేశారు. బండి ఒక్క పిలుపుకే పలికింది. రామేశ్వరమ్మ మురిసిపోయింది. గేటు దాటి యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తిప్పిందో లేదో, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు లోపల ఒకటే టకటక. వెనక్కి తెచ్చింది. ఏసేపు మళ్లీ విప్పి, హెడ్డు మందం కొలిచి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎంత అరగదీసినావక్కా?"

"నా మొగం కనపడిందాకా."

"నేను చదును చెయ్యమంటి. అద్దం చెయ్యమంటినా?"

అక్కడే ఆమె లెక్క తప్పింది. బండ చదునైతే పని సగమే అయినట్టు, మెరిస్తేనే పూర్తి. ఇరవై రెండేళ్ల చెయ్యి మెరుపు వచ్చేదాకా ఆగలేదు. ఇంజనుకు మెరుపుతో పనేముంది? అరిగేకొద్దీ లోపలి చోటు తగ్గిపోయింది. పెట్రోలు వేళ కాకముందే మండుతోంది. ఇలాగే గుట్ట ఎక్కితే పిస్టనుకు బొక్క పడుతుందని ఏసేపు చెప్పాడు.

ఆమె షాపు ముందు చతికిలబడింది. హనుమేష్ టీ తెచ్చిస్తే చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుంది. ఏసేపు ఇంకో హెడ్డు కోసం ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. ఎవరి దగ్గరా లేదు. ఉన్నట్టుండి ఆమె అడిగింది.

"పరిచేటప్పుడు ఒక బండ పల్చనైతే ఏం చేస్తారప్పా? పారేస్తారా?"

"నాకేం తెలుసక్కా, బండల సంగతి."

"కింద సిమెంటు మాలు మందంగా ఏస్తారు. బండ పైకి లేస్తాది. దీని కింద ఏమన్నా ఏసి లేపు."

ఏసేపు ఫోను జేబులో పెట్టాడు. సిలిండరు అడుగున వేసే ప్యాకింగుల డబ్బా తీశాడు. ఒకదాని మీద ఇంకొకటి పెట్టి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"రెండు ఎక్కువ ఏస్తే కంపెనీ నుంచి వచ్చినప్పటి బలమే. ఒకటే ఏస్తా. నువ్వు అరగదీసిన దాంట్లో సగం మిగలనీ. లోపల చోటు రవ్వంత తక్కువుంటే బలం ఎక్కువ, అది మన లాభం."

ఆ రోజు పొద్దుగూకే వేళకు బండి రోడ్డెక్కింది. టకటక లేదు. మిట్ట మీద హనుమేష్ దిగబోయి, దిగాల్సిన అవసరం లేదని తెలిసి మళ్లీ సర్దుకుని కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున రస్తా కింద యూనిట్ జనమంతా చేరారు. భూపేష్ తన స్నేహితులను కూడా తెచ్చుకున్నాడు. రామేశ్వరమ్మ వచ్చి బండి ఆపి, తలగుడ్డ గట్టిగా బిగించి, పైన హెల్మెట్ పెట్టుకుంది. హనుమేష్ కోసం ఏసేపు తన హెల్మెట్ ఇచ్చాడు.

"భయమేస్తాందా?" అని ఆమె మొగుణ్ణి అడిగింది.

"ఏస్తాంది. అయినా నాకు ఉండేది కూచునే పనే గదా."

మొదటి గేరులో కదిలి, రెండో గేరులో పడగానే ఇంజను గొంతు నిండింది. ఎత్తు పెరుగుతున్నా గొంతు తగ్గలేదు. మలుపు దగ్గరకొచ్చేసరికి వెనక చక్రం పెళ్లల మీద జారి పక్కకు విసిరింది. కింద ఎవరో కేక పెట్టారు. ఆమె ఎడమ కాలు దానంతటదే నేల వైపు సగం జారింది.

"కాలు!" అని అరిచాడు హనుమేష్. జనంలో పెళ్లాం పక్కన నిలబడడానికే మొహమాటపడే మనిషి, రెండు చేతులతో ఆమె నడుం చుట్టేసి ముందుకు వాలిపోయాడు. ఆ బరువుకు బండి నిలదొక్కుకుంది. ఆమె కాలు వెనక్కి లాక్కుని, చెయ్యి ఇంకాస్త తిప్పింది. పెళ్లలు వెనక్కి చిమ్ముతూ ఎర్ర బండి మలుపు దాటి, నేరుగా పైకెళ్లి నిలబడింది.

కింద ఈలలు. రమణి కొంగు తిప్పుతోంది. భూపేష్ చేతులు నోటికి అడ్డం పెట్టి కేకేశాడు.

"సరేలే, దిగి రా మే! పెడతా సంతకం!"

రామేశ్వరమ్మ హెల్మెట్ తీసింది.

"ఎక్కేది నా వంతు! ఐపోయింది! కాగితం తీసుకుని నువ్వు రా చిన్నరెడ్డీ!"

అంతమంది చూస్తుండగా ఏం చేస్తాడు? నడిచి ఎక్కాడు. ఆ మలుపులోనే రెండుసార్లు జారి చేతులు ఆనించాడు. పైకి వచ్చి, రొప్పుతూ, బండి ట్యాంకు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. పెన్ను మూత పెడుతూ ఇంజను వైపు వంగి చూశాడు.

"హెడ్డు యాడ చేయించినావు? ప్రొద్దుటూరా, కడపా?"

"నీ యూనిట్లోనే. నువ్వు పారేసిన బండ మీద."

అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ట్యాంకు మీద ఒకసారి చెయ్యి పెట్టాడు. అప్పుడు మాత్రం ఆ గొంతులో పెత్తనం లేదు.

"ఒక్కసారి ఇయ్యి రామేశ్వరమ్మా. కిందిదాకా తోలుకొనిపోతా."

ఆమె కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, బండి ఎక్కింది.

"తోలేది నేనే. కావాలంటే ఎనక కూచో. మా ఆయన నడిచొస్తాడు."

భూపేష్ కింద ఉన్న జనాన్ని చూశాడు, సీటును చూశాడు, కదల్లేదు. ఆ లోపలే హనుమేష్ హెల్మెట్ సర్దుకుని వెనక ఎక్కేశాడు.

"నడిచేది నాకు రాదు చిన్నరెడ్డీ," అన్నాడు. "కూచునేదే వచ్చు."