పలాస స్టేషన్లో ఐసుపెట్టె

రెండువేల దశకంలో నేను విశాఖలో పరిశోధన చేసేవాణ్ని. ఉద్దానం కిడ్నీ రోగుల మూత్రంలో ఏ ప్రోటీన్లు పోతున్నాయో చూస్తే జబ్బు ఎలా మొదలవుతుందో తెలుస్తుందని మా ఆశ. ఓసారి అక్కడి ఊళ్లలో సేకరించిన నమూనాల సీసాలను ఐసుపెట్టెలో సర్దుకుని, విశాఖ రైలు కోసం పలాస స్టేషన్‌కి వచ్చాను. రైలు ఆలస్యం. ఐసు కరిగిపోతోంది. వేడెక్కితే ప్రోటీన్లు పాడైపోతాయి.

పక్కన చేపల గంపతో కూర్చున్నావిడ, "ఏటి బాబూ, రొయ్యలా?" అంది.

"కాదమ్మా, కిడ్నీ జబ్బున్నవాళ్ల మూత్రం. పరీక్షకి," అన్నాను.

చుట్టుపక్కలవాళ్లు దూరం జరిగారు. ఆవిడ మాత్రం తన చేపల మీది ఐసంతా దోసిళ్లతో తీసి నా పెట్టెలో పోసింది.

"మరి మీ చేపలు?"

"సేపలు రేపూ పడతాయి బాబూ. మా ఇంటాయన ఈ జబ్బుతోటే పోనాడు."

నమూనాలు చల్లగానే చేరాయి. జబ్బు మూలం మాత్రం మాకు అంతుచిక్కలేదు. ఇప్పటికీ పలాసలో దిగితే చేపలమ్మేవాళ్ల వైపు వెళ్లను. ఏం తేలిందని ఆవిడ అడిగితే చెప్పడానికేమీ లేదు.