నల్లగుడ్డ తీసిన రోజు

“మొగుడు పక్కగదిలో తెరచాటున చల్లబడి ఉంటే, నువ్విక్కడ మొలకలకి నీళ్ళు పోస్తున్నావటే?”

అడిగింది చనిపోయిన దోసిక్ మేనత్త. అతని భార్య పిల్‌సూన్ చేతిలో చెంబు దించకుండానే, “పొద్దుట్నించీ పోయలేదు పెద్దమ్మా” అంది.

ఆ జవాబు కొరియాలోని జొంజు ఊరి దక్షిణ బజారులో చాలా రోజులు తిరిగింది. గుండె లేని మనిషని కొందరన్నారు, గట్టి గుండె అని కొందరు మెచ్చుకున్నారు. మనిషి చచ్చిన ఇంట్లో ఆడది ఎంత ఏడవాలో లెక్కగట్టేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. పిల్‌సూన్ ఆ పూట గుండె గట్టిదీ కాదు, లేనిదీ కాదు. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. మిగతా మనిషిని ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టుంది.

పొయ్యి వేడితో నేల వెచ్చగా ఉండే గదిలో, మూలగా, నీళ్ళ తొట్టి మీద అడ్డకర్రలు, వాటి మీద అడుగున చిల్లులున్న మట్టికుండ. కుండలో సోయా గింజల మొలకలు, పైన నల్లగుడ్డ. పూటపూటకీ నీళ్ళు పోయాలి, రాత్రి కూడా లేచి పోయాలి. నీళ్ళు చాలకపోతే మొలక దాహానికి పక్కవేళ్ళు తన్నుతుంది. అలాంటిది నోట్లో పీచు. వెలుతురు తగిలితే తల ఆకుపచ్చగా తిరిగి చేదెక్కుతుంది. చీకటి, నీళ్ళు. అంతకుమించి దాని కోరికలేమీ లేవు.

దోసిక్ కోరికలు వేరు. బియ్యపు సారా రాత్రి తాగేవాడు, పొద్దున మొలకల చారు తాగి ఆ మత్తు దించుకునేవాడు. మొలక తోకలోనే మందుందని తోకలు తుంచనిచ్చేవాడు కాదు. అలా పన్నెండేళ్ళు రాత్రికీ పొద్దుటికీ సరిపోయింది. తరవాత చారుకు అందనంత దూరం వెళ్ళింది కాలేయం. రెండేళ్ళు మంచం మీదే ఉన్నాడు. ఆ రెండేళ్ళూ ఇంట్లో ముగ్గురి అన్నం ఆ కుండలోంచే వచ్చింది. పిల్లలు లేరు. ఇప్పుడు మిగిలింది పిల్‌సూన్, దోసిక్‌ని కన్న అత్త, ఆ కుండ.

కుండకు ఉన్నది ఒక్కతే గిరాకీ: బజారులో చారన్నం అమ్మే హ్యొన్. ఏటి అవతల ఒకడు పీపాల్లో మొలకలు పెంచి, చవగ్గా ఇస్తానని ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు. శవాన్ని పాతిపెట్టిన మర్నాటి పొద్దుటికి ఈ కుండ ఎదగాలి. ఒక్కసారి కుండ తప్పితే హ్యొన్ వాడి దగ్గరికి వెళ్తుంది. వెళ్ళినావిడ తిరిగి రాదు. ఈ సంగతి పిల్‌సూన్‌కు మొగుడి చావుకన్నా స్పష్టంగా తెలుసు.

అయితే మేనత్త దగ్గర ఇంకో మాట ఉంది. మైలపడ్డ కళ్ళు మొలకల మీద పడకూడదు, పడితే కుండ మొత్తం కుళ్ళిపోతుంది. అది వాళ్ళ అమ్మ చెప్పిన మాట, అమ్మకు వాళ్ళమ్మ చెప్పిన మాట. ఆ అమ్మల్లో ఎవరు కుళ్ళబెట్టి చూశారో ఎవరికీ తెలియదు. మూల కూర్చున్న అత్త ఔనన్నట్టు తల ఊపింది. కొడుకు పోయాక ఆవిడ తల ఊపడమే గాని నోరు విప్పలేదు.

పిల్‌సూన్ వాదించలేదు. చూడకూడదన్నారు గాని, పోయకూడదని ఎవరూ అనలేదు. గుడ్డ తీయకుండా గుడ్డ మీదే నీళ్ళు పోసింది. నీళ్ళు గుడ్డలోంచి ఇంకి, మొలకల్లోంచి జారి, తొట్టిలో చప్పుడు చేశాయి. చావింటివాళ్ళు కట్టే ముతక జనపనార బట్టల్లో, వచ్చిపోయేవాళ్ళకు వంగి దండం పెడుతూ, గొడ్డుమాంసం చారు వడ్డిస్తూ, మధ్యమధ్య వెళ్ళి పోసి వచ్చేది. ఏడవాల్సిన వేళల్లో నలుగురితో పాటు గొంతెత్తింది. గొంతు సరిగానే వచ్చింది.

మూడోరోజు శవాన్ని కొండకు తీసుకెళ్ళారు. కన్నతల్లి బిడ్డ సమాధి దగ్గరికి వెళ్ళకూడదు గనక అత్త ఇంట్లోనే ఉండిపోయింది. పిల్‌సూన్ చెంబు నింపి ఆవిడ పక్కన పెట్టి, “గుడ్డ మీదే పొయ్యండత్తయ్యా” అని చెప్పి వెళ్ళింది. కొండ మీద మట్టి గడ్డకట్టి ఉంది, గొయ్యి తవ్వినవాళ్ళు విసుక్కున్నారు. అందరూ దిగివచ్చేసరికి సాయంత్రమైంది.

గది తలుపు బార్లా తెరిచి ఉంది. నల్లగుడ్డ నాలుగు మడతలు పెట్టి కుండ పక్కనే ఉంది. పొద్దుటి నుంచీ పడ్డ ఎండకు పైవరస తలలు పచ్చబడ్డాయి. చెంబులో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. అత్త కుండకు ఎదురుగా కూర్చుని ఉంది.

“నేనే తీశాను” అంది అత్త. మూడు రోజుల్లో అదే మొదటి మాట. “పొద్దుట్నించీ చూస్తానే ఉన్నాను. నాకంటే మైలకళ్ళు ఇంకెవరికుంటాయే? కొడుకు పోతే మొలకలన్నా కుళ్ళాలి గదా. ఏదీ? ఒక్కటీ కుళ్ళలేదు.”

పిల్‌సూన్ చెంబు అందుకుని నీళ్ళు పోసింది. గుడ్డ కప్పింది.

తెల్లవారి కుండ ఎత్తుకుని బజారుకు వెళ్ళింది. హ్యొన్ పిడికెడు పెరికి వెలుతురులో పట్టింది. తోకలు చూసింది: పొట్టిగా ఉన్నాయి, ఒక్క పగటి దాహానికి ఇంకా పక్కవేళ్ళు తన్నలేదు. ఒకటి విరిచింది, టప్‌మంది. తల కొరికి ఉమ్మేసింది.

“ఎవరు తీశారు గుడ్డ?”

“గాలికి ఎగిరిందక్కా.”

“గదిలోకి అంత గాలెక్కడిదే?” హ్యొన్ ఆ మొహం వంక చూసింది. చెయ్యి మోచేతి దాకా దింపి అడుగునుంచి ఇంకో గుప్పెడు లాగింది. అవి పసుపు తలలే, మచ్చ లేనివే. “పైది నువ్వు తీసుకుపో. కింది సగం నాకు. వచ్చే కుండ పచ్చబడిందో, పీపాలవాడికి కబురెడతా. నాకేం మొహమాటం లేదు.”

పచ్చతలలు ఇంటికి తెచ్చి, మునిగేంత నీళ్ళల్లో వేసి, వసారాలో చలికి మూతపెట్టి ఉంచింది. రోజూ నీళ్ళు మారిస్తే నాలుగు రోజులుంటాయి. చేదుగా ఉన్నా తినడానికి పనికొస్తాయి, పారేసేంత తాహతు ఆ ఇంటికి లేదు. వాటిలో రెండు పిడికిళ్ళు తీసి చారు పెట్టింది. తోకలు తుంచబోయి మానేసింది.

మొలకలు ఉడికేటప్పుడు మధ్యలో మూత తీస్తే పచ్చిగింజ వాసన వేస్తుంది. ఊళ్ళో ఏడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. పిల్‌సూన్ కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి తీస్తే, అత్త గిన్నె తీసుకెళ్ళి పందికి పోసి వచ్చింది. ఇవాళ పిల్‌సూన్ మధ్యలో మూత తీసి, ఎందుకు తీసిందో గుర్తురాక, పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిరంతా పోయాక మళ్ళీ పెట్టింది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చారు పచ్చివాసన వేస్తోంది, పైగా చేదు. అత్త ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది. పిల్‌సూన్ చూస్తూ కూర్చుంది. అత్త గిన్నెలో అన్నం వేసుకుని, కలుపుకుని, అడుగుదాకా తిని, “గింజలు నానేశావా?” అంది.

“వేశానత్తయ్యా.”

“రాత్రి నీళ్ళు నేను పోస్తాలే. గుడ్డ మీదే.”

ఆ కుండ పచ్చబడలేదు. ఆ తరవాతివీ పచ్చబడలేదు. పీపాలవాడు ఏటి అవతలే ఉండిపోయాడు. మైల ఇంటి చేతికి డబ్బు తాకించకూడదని హ్యొన్ ఆ రోజు రొక్కం ఇవ్వలేదు, మైల తీరే నలభై తొమ్మిదో రోజు దాటాక ఇస్తానంది. అది దాటి మూడేళ్ళయింది. సగం కుండ మొలకలకు నాలుగువందల వన్లు ఆవిడ ఇంకా ఇవ్వాలి.