మామగారు మెచ్చిన గచ్చు

పది వస్తువులు వరసగా పెట్టి ఒకటి తీసుకోమంటే, ఆ పదిట్లోకీ వికారమైనదాని మీద మామగారి చెయ్యి గురి చూసినట్టు పడేది. ఒకసారో రెండుసార్లో అయితే పొరపాటు అనుకోవచ్చు. ఆయనకి అది జీవితకాలపు విద్య. వీధిలో అందరూ ఆయన్ని ఎంపికల రాయుడుగారు అనేవారు. బట్టల కొట్టాయన అయితే ఎవరూ ముట్టని గుడ్డలన్నీ దుమ్ము దులిపి, ఆయన అటుగా నడిచొచ్చే వేళకి గుమ్మంలో వేలాడదీసేవాడు.

కోడలు ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే ఈ కథలన్నీ వినేసింది. ఫ్రిజ్ కథ అత్తగారు చెప్పారు.

"కొట్లో తెల్లవి ఉన్నాయి, నీలంవి ఉన్నాయి. ఈయన ఏరి ఏరి గుమ్మడిపండు రంగుది పట్టారు. తలుపు తీస్తే ఈల కూడా వేస్తుందట! నేనసలే నలుగురిలో నోరెత్తని మనిషినా, ఆ రోజు ఆ కొట్లోనే చతికిలబడి, ఇది ఇంటికొస్తే నేను పుట్టింటికి పోతానని అరిచాను. అలా వచ్చిందమ్మా ఈ నీలం ఫ్రిజ్."

బూట్ల కథ భర్త చెప్పాడు. "బళ్ళో చేర్చేటప్పుడు ఎర్రబూట్లు తెచ్చారు. ఒక కాలు వేస్తే కుయ్యి, ఇంకో కాలు వేస్తే కయ్యి. నడివీధిలో పడి దొర్లాను. అప్పుడు గానీ నల్లవి కొనలేదు. నీకూ ఏదో ఒక రోజు దొర్లాల్సి వస్తుంది. చూసుకో."

కోడలు నవ్వి ఊరుకుంది. ఆమె పైకి ఏమీ అనేది కాదు గానీ అన్నీ గమనించేది. ఆమెకి అంతుపట్టనిది ఒకటుంది. ఇంట్లోకి ఏం కావాలన్నా బజారుకి వెళ్ళేది మామగారే. ఆయన ఎంపిక చూస్తే ఇలా ఉంది. మరి ఆ ఇంట్లో కంటికి ఇంపుగా లేని వస్తువు ఒక్కటీ లేదేమిటి? కిటికీ తెరలు మొదలుకొని కంచాల దాకా అన్నీ ఎవరో ముచ్చటపడి తెచ్చుకున్నట్టే ఉన్నాయి. అడుగుదామనుకుంది. అడగలేదు.

అడగడం ఆమెకి అలవాటు లేదు. అక్కలు విడిచిన గౌన్లు, అక్కలు విడిచిన చెప్పులు, అక్కలందరూ పడుకున్నాక మంచం మీద మిగిలిన జానెడు చోటు, వీటితోనే పెరిగింది. నీకేం కావాలని ఎవరూ అడగలేదు కనుక, అడిగితే ఏం చెప్పాలో నేర్చుకోలేదు. కూర ఏం చేద్దామంటే "మీ ఇష్టం". దుప్పటి ఏది కావాలంటే "ఏదైనా పర్లేదు". చివరికి, ఎలా ఉన్నావమ్మా అని పక్కింటావిడ పలకరించినా "మీ ఇష్టం" అనేసి నాలిక కరుచుకుంది.

ఇలా ఉండగా వెనక గది మాట వచ్చింది. ఆ గదిలో గచ్చు పగిలి గుంటలు పడింది. కుర్చీ వేస్తే మూడు కాళ్ళు నేల మీద, నాలుగోది పాతాళంలో. కోడలు కుట్టుమిషన్ తొక్కితే మిషనూ మనిషీ కలిసి నెమ్మదిగా గోడ వైపు ప్రయాణం చేసేవారు.

"ఆ గది నీది," అన్నారు మామగారు భోజనాల దగ్గర. "కొత్త గచ్చు వేయిస్తాను. ఎలాంటిది కావాలో చెప్పమ్మా."

"మీ ఇష్టం, మామయ్యగారూ."

అత్తగారి చేతిలో గరిటె జారి గిన్నెలో పడింది. "ఎంత పని చేశావే పిల్లా! పోయి పోయి ఈయనతో మీ ఇష్టం అంటావా!"

అప్పటికే మామగారు చెయ్యి కడుక్కుని చెప్పులు తొడుక్కుంటున్నారు. "విన్నారుగా. నా ఇష్టమట!"

కోడల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళిన టైల్స్ కొట్లో గుమస్తా చాలా ఓపిక ఉన్న మనిషి.

"ఇది చూడండి సార్, అచ్చం పాలరాయిలా ఉంటుంది."

"మరీ తెల్లగా ఉందయ్యా. ఇంట్లో ఉన్నట్టుండదు, ఆస్పత్రిలో చేరినట్టుంటుంది."

"ఇది చెక్కలా ఉంటుంది."

"చెక్కే కావాలంటే చెక్కే వేసుకుంటాంగా?"

"పోనీ ఇది? రాయిలా..."

"రాళ్ళు మా వీధిలోనే బోలెడు. అదేమిటి?"

గుమస్తా వెనక్కి తిరిగి చూసి కంగారుపడ్డాడు. "అది అమ్మేది కాదు సార్. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాం, మిగతావి వెనక గదిలో పడున్నాయి."

"తియ్యి. చూస్తాను."

గుమస్తా దాన్ని తెచ్చి తుడిచాడు. తుడవకుండా ఉంటేనే బాగుండేది. గుడ్డు సొన లాంటి పసుపు. దాని మీద ఊదారంగులో క్యాబేజీలంతేసి ఆకారాలు. ఒక్కోదాని నడుమ ఒక్కో ఆకుపచ్చ కన్ను. ఇది చాలదన్నట్టు ఒళ్ళంతా వెండి మెరుపులు.

"పువ్వా ఇది?" అన్నారు మామగారు పరవశంగా.

"మేం నెమలి అనుకున్నాం సార్. కంపెనీవాళ్ళని అడిగితే చేప అన్నారు."

"చేపకి రేకులెందుకున్నాయి?"

"మేమూ అదే అడిగాం. మళ్ళీ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు."

ఇంతసేపూ కోడలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. అక్కడ లేత బూడిదరంగు టైలు ఒకటుంది. పువ్వు లేదు, గీత లేదు, మెరుపు లేదు. కాస్త గరుకుగా, ఆరిన పలకలా ఉంది. కుట్టుపని చేసేవాళ్ళకి నేలతో ఒకటే గొడవ. చేతిలోంచి జారిన సూది నేల మీద కనపడాలి. కనపడకపోతే అది కాల్లోనే దొరుకుతుంది. ఈ టైలు మీద సూదేమిటి, దాని నీడ కూడా కనిపిస్తుంది. ఆమె వేలితో దాన్ని మెల్లగా రాసింది.

"ఏమిటమ్మా అక్కడ?" అన్నారు మామగారు.

చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. "ఏం లేదు, మామయ్యగారూ."

"బాగుందా అది?"

"అన్నీ బాగున్నాయి."

మామగారు ఒక క్షణం ఆగి చూశారు. ఆ తర్వాత గుమస్తా భుజం మీద చెయ్యి వేసి, అతన్ని లోపలి గదిలోకి తీసుకువెళ్ళారు. చాలాసేపటికి ఇద్దరూ నవ్వుకుంటూ బయటికి వచ్చారు. నెమలిచేప ఖాయమైపోయిందని కోడలికి అర్థమైంది. ఇంటి దాకా నోట మాట లేదు. అసలు ఎప్పుడూ ఉండేది కాదు కనుక ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

ఇక మేస్త్రీని కుదర్చడం. మొదట వచ్చినవాడు గుమ్మంలోనే లెక్క కట్టేశాడు. "పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి పని అయిపోయినట్టే."

"మరీ చురుగ్గా ఉన్నాడు. వద్దు," అన్నారు మామగారు.

రెండో అతను తను వేసిన గచ్చుల ఫొటోలన్నీ చూపించాడు. అద్దాల్లా ఉన్నాయి. "ఇతనికి పని మరీ బాగా వచ్చు. వద్దు."

"పని రావడం కూడా తప్పేనా?" అన్నారు అత్తగారు గోడకి ఆనుకుని.

మూడో మేస్త్రీ గుమ్మం ఎక్కడానికే కొంత సమయం తీసుకున్నాడు. నేల చూశాడు. గోడ చూశాడు. ఇచ్చిన టీని చల్లారబెట్టుకుని తాగాడు. ఎప్పటికి అవుతుందని అడిగితే పైకప్పు వైపు చూస్తూ ఆలోచించి, "చూద్దాం," అన్నాడు.

"ఇతనే!" అంటూ మామగారు లేచి అతని చెయ్యి పట్టుకున్నారు. అతన్ని వీధి చివరి దాకా సాగనంపి వచ్చారు కూడా. అత్తగారు కోడలి వైపు జాలిగా చూశారు. "గచ్చే కాదే, మేస్త్రీ కూడా అలాంటివాడే దొరికాడు."

ఆ రాత్రి భర్త బతిమాలాడు. "నువ్వు ఒక్క మాట అంటే చాలు. వద్దు అను."

"కొత్తగా వచ్చినదాన్ని. పెద్దాయన అంత ముచ్చటపడ్డాక ఏమంటాను?"

"అయితే ఆ కళ్ళన్నీ నిన్ను చూస్తుంటే కుట్టుకుంటూ కూర్చో."

మర్నాడు టైల్స్ వచ్చాయి. గోడ వారగా ఆనించి పెట్టారు. అత్తగారు తొంగి చూసి, తలనొప్పి మాత్ర వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. మేస్త్రీ ఇసుక జల్లించడం మొదలుపెట్టాడు. జల్లించి, కుప్ప చేసి, ఆ కుప్పని మళ్ళీ జల్లించాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి దారం కట్టాడు. విప్పాడు. మళ్ళీ కట్టాడు. రసమట్టం నేల మీద పెట్టి, దాని గాజుగొట్టంలోని బుడగని చూస్తూ కూర్చున్నాడు.

గుమ్మంలో కూర్చుని అంచు కుట్టుకుంటున్న కోడలికే ఉండబట్టలేదు. "బుడగ మధ్యలోనే ఉందిగా?"

"ఉందమ్మా. నిలబడిందో, ఆలోచిస్తోందో!"

మామగారు వసారాలో స్టూలు వేసుకుని, ఉండుండి లోపలికి తల పెడుతున్నారు. ఆయన ఒంటి మీద నారింజరంగు చొక్కా, దాని నిండా నల్ల గొడుగులు.

"అమ్మాయ్, కన్ను గుమ్మం వైపు ఉండాలా, కిటికీ వైపా?"

"మీ ఇష్టం, మామయ్యగారూ."

"సగం గోడ దాకా కూడా ఇవే వేయిస్తే?"

"మీ... మీ ఇష్టం."

"పైకప్పుకి కూడా? పడుకుంటే పైనుంచి చూస్తాయి."

వంటింట్లోంచి మూలుగు వినిపించింది. కోడలు తల వంచుకుని అంచు మీద ఇంకో కుట్టు వేసింది.

"మేస్త్రీ, కొన్ని వరసలు ఉత్తినే పరిచి చూపించు," అన్నారు మామగారు.

మేస్త్రీ సిమెంటు లేకుండానే ఒక్కొక్క టైలూ నేల మీద పేర్చాడు. గదిలో సగం మేరకి నెమలిచేపలు ఈదుతూ కళ్ళు తెరిచాయి. అవి తననే చూస్తున్నట్టు అనిపించి కోడలు కుట్టు మరిచి వాటి వైపే చూసింది. సూది జారింది. టింగుమంది. అంతే, మళ్ళీ కనపడలేదు.

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. మేస్త్రీ వంగాడు. అత్తగారు వచ్చి వంగారు. మెరిసిందల్లా సూదే అనిపించింది. పట్టుకుంటే వెండి చుక్క.

"దొరికింది!" అన్నారు అత్తగారు. "కాదు, కంటి రెప్ప."

"పోతే పోనీ, ఇంకో సూది కొనుక్కుందాం," అంటూ మామగారు లోపలికి అడుగు పెట్టారు. "మొదలుపెట్టు, మేస్... అమ్మో! అమ్మో! దొరికింది!"

దొరికింది. మామగారు ఒంటికాలి మీద గదంతా తిరుగుతున్నారు. అత్తగారు ఆయన వెనక, మేస్త్రీ అత్తగారి వెనక.

అప్పుడు పెద్ద అరుపు వినిపించింది.

"ఆపండి! నాకొద్దు ఈ టైళ్ళు!"

ఎవరిదా గొంతు అని అందరూ వెతుక్కున్నారు. కోడలు కూడా ఒకసారి వెనక్కి చూసింది. తనదేనని తెలిశాక ఇక ఆగలేదు.

"ఇవి పువ్వులైనా వద్దు, చేపలైనా వద్దు. నేను రోజంతా సూదులతో పనిచేసేదాన్ని. కింద పడింది కనపడకపోతే ఎలా? ఇవాళ మీ కాలు, రేపు అత్తయ్యగారి కాలు! నాకు లేత బూడిదరంగు కావాలి. నున్నటిది కాదు, గరుకుది. మేస్త్రీగారూ, తియ్యండి ఇవన్నీ. గోడలకి వద్దు, పైకప్పుకి వద్దు, ఎక్కడా వద్దు!"

మామగారు ఒంటికాలి మీదే ఆగారు. కళ్ళలో నీళ్ళు, మూతి మీద నవ్వు.

"ఏ బూడిదరంగమ్మా?"

"కొట్లో కిటికీ దగ్గరుందే, అది."

మేస్త్రీ ఊపిరి వదిలి నడుము పట్టుకుని లేచాడు. "ఇక సిమెంటు కలపనా, అయ్యగారూ? జల్లించి జల్లించి ఇసుక పిండైపోయింది. ఆ బూడిదరంగువి పక్కింటి వసారాలో పట్టా కిందున్నాయి. తెచ్చేస్తాను."

"పట్టా కింద ఏమిటి?" అన్నారు అత్తగారు.

"అమ్మాయిగారు నోరు తెరిచేదాకా చేతికి సిమెంటు అంటకూడదన్నారమ్మా. ఎంత ఆలస్యమైనా సరేనన్నారు. నా నిదానాన్ని మెచ్చుకున్న మనిషి ఈయనొక్కరే." అతను నేల మీది టైళ్ళకేసి చెయ్యి చూపించాడు. "ఈ చేపలు టైల్స్ కొట్టు గుమస్తా అరువిచ్చినవి. సాయంత్రం మళ్ళీ తలుపుకి అడ్డం పెట్టాలట."

అత్తగారు స్టూలు మీద కూలబడ్డారు. ఏవేవో గుర్తుకొస్తున్నట్టు ఆవిడ కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. "అంటే... ఆ గుమ్మడిపండు ఫ్రిజ్?"

"అది ఎవరు కొంటారే, పిచ్చిదానా!"

"వాడి ఎర్రబూట్లు?"

"వాడు అప్పట్లో అడగడానికి భయపడేవాడుగా."

"ఇన్నేళ్ళూ నన్ను బజార్లో నిలబెట్టి అరిపించారన్నమాట!"

"మరేం చెయ్యను?" అన్నారు మామగారు, గుమ్మంలో కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకుని సూది తీసుకుంటూ. "వచ్చిన కొత్తలో నువ్వూ ఇంతేగా. ఏది అడిగినా మీ ఇష్టం. ఇల్లంతా నా ఇష్టంతో నింపేస్తే మీరెక్కడ ఉంటారు?"

అత్తగారు ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. "మరి ఆ గొడుగుల చొక్కా?"

"ఇది మాత్రం నాకు నిజంగానే నచ్చింది."

కోడలికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే వెళ్ళి నీళ్ళూ దూదీ తెచ్చి ఆయన కాలు తుడిచింది. నొప్పిగా ఉందా అని అడిగింది. ఆయన్ని ఆమె తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అదే కావడంతో, మామగారు నొప్పి ఉన్నదానికంటే ఎక్కువే చెప్పారు.

బూడిదరంగు టైల్స్ వచ్చాయి. సిమెంటు కలిసింది. మొదటి టైలు మీద రబ్బరు సుత్తి పడేసరికి మేస్త్రీ ఆగి తలెత్తాడు. "సందుల్లో ఏ రంగు నింపమంటారు?"

మామగారి మొహం వెలిగిపోయింది. "నన్నడిగితే గులాబీ..."

"మామయ్యగారూ," అంది కోడలు, "మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

మామగారు ఠక్కున లేచారు. కుంటుకుంటూ వసారా దాటి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళారు. కూరగాయల సంచీతో వస్తున్న ఎదురింటాయన్ని పట్టుకుని ఆపేశారు.

"విన్నావటయ్యా!" అన్నారు, వీధి చివరికి కూడా వినపడేంత గట్టిగా. "మా కోడలు నన్ను బయటికి గెంటేసింది!"