బొట్టు పెట్టిన పిస్టల్

మాది అమెరికాలో ప్లేనో. పక్క వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డాక భయమేసి చిన్న పిస్టల్ కొన్నాను. దసరాకి కార్లతో పాటు దానికీ పసుపు కుంకుమలు పెట్టమని మా ఆవిడతో అన్నది నేనే.

ఆ తర్వాత షూటింగ్ రేంజ్‌లో కాలిస్తే, పేలిన తూటాల తొడుగులు బయటికి ఎగిరిపడకుండా లోపలే ఇరుక్కోవడం మొదలైంది. ఓ ఆదివారం పొద్దున్నే క్లీన్ చేద్దామని కూర్చున్నాను. తూటాలుండే మ్యాగజీన్ తీసేసి, పైనున్న స్లైడ్ వెనక్కి లాగాను. లోపల తూటా ఉంటే బయట పడాలి. ఏదీ పడలేదు. ఖాళీయే అనుకున్నాను, తొంగి చూడలేదు. ఆ పిస్టల్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కాను.

చెవులు గింగురుమన్నాయి. ఎదురు గోడకి చిల్లు! అవతల మా పాప గది. మా ఆవిడ అరుస్తూ పరిగెత్తింది.

బాత్రూమ్‌లోంచి పాప బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చి, "డాడీ, వాట్ వాజ్ దట్?" అంది. తూటా దాని తలగడలో దొరికింది.

పిస్టల్‌ని కంపెనీకి పంపాను. రిపేర్ చేసి, ఒక కాగితంతో తిప్పి పంపారు. తూటాని బయటికి లాగే కొక్కెం కింద ఎర్రటి పొడి నూనెతో కలిసి గడ్డకట్టిందట. అది తీసేశాక బాగానే పనిచేస్తోందట.

"పూజ చేయబట్టే అమ్మవారు పాపని కాపాడిందండీ" అని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. చూడకుండా నొక్కిన వేలు నాది. ఆ కాగితం తనకి చూపించలేదు. చూపిస్తే, బొట్టు పెట్టిన తన వేలినే తిట్టుకుంటుంది. అందుకే, ఇది అచ్చువేస్తే దయచేసి నా పేరు వేయకండి.