తోమాగారి గోంగూర టైంటేబుల్

కాశీబుగ్గలో మా పక్కింటి తోమాగారు ముప్పై నాలుగేళ్ళు బస్సుల్ని పంపించారు. నడపలేదు, టిక్కెట్లు కొట్టలేదు. కంట్రోలర్ సీట్లో కూర్చుని, చెవి మీద పెన్ను పెట్టుకుని, ఏ బండి ఎన్నింటికి కదలాలో రాసేవారు. రాసిన ప్రకారం కదలని బండిని తిట్టేవారు. ఏ బండీ కదిలేది కాదు కాబట్టి రోజంతా చేతినిండా పనుండేది.

మొన్న మే నెలాఖరుకి రిటైరయ్యారు. జూన్ పదో తారీకుకల్లా ఇంట్లో టీకి టైము పెట్టారు. ఇరవయ్యో తారీకుకి స్నానాలకి పెట్టారు. వాళ్ళావిడ దోర్కాసప్ప ఆ కాగితాన్ని గోడ మీంచి పీకి ఎండుచేపల కింద పరిచేసింది.

"మీ బస్సులే మీ మాట ఇన్లేదు, నా పొయ్యి ఇంటాదేటి, కంట్రోలర్ గారూ?" అంది.

ఆవిడ నాకు ఏ వరసా కాదు. ఇరవయ్యేళ్ళ ఇరుగుపొరుగు వల్ల నేను అక్కని పిలిచినట్టు అప్పా అంటాను, బడిపంతుల్ని కాబట్టి ఆవిడ నన్ను మాస్టారూ అంటుంది. వాళ్ళ మేడకీ మా మేడకీ మధ్య నడుమెత్తు గోడ. అందుకని ఈ కథలో చాలా భాగం నేను చూసిందే. కొంత భాగానికి నేను బాధ్యుణ్ణి కూడాను. దాని సంగతి తర్వాత.

ఆ మేడ మీద దోర్కాసప్ప ఏటా గోగు వేస్తుంది. పాత రంగు డబ్బాలు, చేపలొచ్చే థర్మాకోల్ పెట్టెలు, మొత్తం ఇరవై. మా వైపు గోగంటే గోంగూరే. లేతప్పుడు కూర, ముదిరితే నార. అప్ప అత్తగారు మందస నుంచి తెచ్చిన విత్తనమట. ఆ ఆకు నోట్లో పెడితే ఒక కన్ను దానంతటదే మూసుకుపోవాలి. మూసుకోకపోతే అది అప్ప గోంగూర కాదు.

వాళ్ళ బాప్టిస్టు చర్చిలో అక్టోబరులో కోతపండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి వేదిక ముందు పెడతారు. గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, నాటుకోడి, ఏదైనా సరే. ప్రార్థన అయ్యాక వేలం. కిందటేడు అన్నిటికంటే ఎక్కువ పలికిందెవరిదో, ఈ ఏడు మొదట పైకెత్తేది వాళ్ళదే. అదీ అక్కడి లెక్క. పదకొండేళ్ళుగా మొదట పైకి లేచేది దోర్కాసప్ప గోంగూర కట్ట. ఆవిడకి మెళ్ళో గొలుసు లేదు, చేతిలో ఉద్యోగం లేదు. ఆ కట్టొకటుంది.

ఈ ఏడు జులైలో విత్తనం పడింది. ఆగస్టులో వాళ్ళమ్మాయి లిల్లీకి టెక్కలిలో రెండో కాన్పు. అప్ప ఎనిమిది వారాలు అక్కడుండాలి. బస్సెక్కేముందు మేడ మీద నిలబడి మొగుడికి చెప్పింది.

"రోజు మార్చి రోజు నీళ్ళు. మరేటీ సెయ్యకండి. అది గోగు. దానికి మీరు అక్కర్లేదు."

చెప్పాల్సింది మొదటి మూడు మాటలే. ఆ చివరిది చెప్పకుండా ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదని నా అనుమానం. బస్సులకి అక్కర్లేదు, పొయ్యికి అక్కర్లేదు, ఇప్పుడు గోగుక్కూడా అక్కర్లేదంటే ఏ మగాడికి రోషం రాదు? ఆ సాయంత్రమే గోడ దగ్గరకొచ్చారు.

"మాస్టారూ, మొక్కకి ఏ వారం ఏం పెట్టాలో ఫోన్లో ఉంటాదంటారే?"

ఉంటుందని చెప్పింది నేనే. ఆకు ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పి, మేత పట్టిక కూడా ఇచ్చే యాప్ ఆయన ఫోన్లోకి ఎక్కించింది నేనే. ఎక్కించి, ట్యూషన్ పిల్లలొచ్చారని కిందికి దిగిపోయాను. అది చెప్పిన పేరేమిటో చూశానా? చూడలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. గోగు ఎదిగే కొద్దీ పై ఆకు ఐదు వేళ్ళుగా చీలుతుంది. అంచంతా రంపపు పళ్ళు. చూడ్డానికి అచ్చం గంజాయి ఆకే. పలాస స్టేషన్లో పోలీసులు బ్యాగులు విప్పి పేపరోళ్ళకి చూపిస్తుంటారు కాబట్టి ఆ ఆకు మా ఊళ్ళో అందరికీ తెలుసు. గోగూ తెలుసు. రెంటికీ తేడా చెప్పేది నాలుకొక్కటే. ఫోనుకి నాలుక లేదు కదా. అది గంజాయి అనేసింది, ఇంగ్లీషులో, శాస్త్రీయంగా. తోమాగారికి బస్సు బోర్డు మీద పట్టేంత ఇంగ్లీషే వచ్చు. "గోగుకి ఇంత పెద్ద పేరుందా!" అని మురిసిపోయారు. పట్టిక ప్రింటు కోసం బస్సు కాంప్లెక్సు ఎదురుగా ఉన్న మోహన్ జిరాక్సు కొట్టుకి వెళ్ళారు.

మోహన్ కాగితం మీది ఆకు బొమ్మ చూశాడు. తోమాగారి తెల్ల చొక్కా చూశాడు. జేబులో బైబిలు చూశాడు.

"మావా, ఇది… మనింట్లోదేనా?"

"మా మేడ మీద ఇరవై ఉన్నాయి," అన్నారీయన గర్వంగా.

"అత్తకి తెలుసా?"

"విత్తింది మీ అత్తే. ఏటా సంఘంలో వేలం వేత్తాం. పాస్టరమ్మగారికి ఇదంటే ప్రాణం."

మోహన్ ప్రింటు తీసి డబ్బు కూడా అడగలేదట. ఇంకో కాపీ తీసి కౌంటరు కింద దాచాడు.

ఇహ మేడ మీద సర్వీసులు మొదలయ్యాయి. ఒక్కో డబ్బాకి సుద్దతో పేరు రాశారు. మందస ఆర్డినరీ, కవిటి ఎక్స్‌ప్రెస్, టెక్కలి నాన్‌స్టాప్. పాత క్యాలెండరు వెనక వారాలు నిలువుగా, డబ్బాలు అడ్డంగా గీతలు గీశారు. పట్టికలో ఉన్న సీసాలు మా ఊళ్ళో దొరకవు. ఎరువుల కొట్టువాడు వాటికి బదులు యూరియా, ఏదో రంగు పొడి, సముద్రపు నాచు మందు అంటగట్టాడు. ఇవి చాలవన్నట్టు తెలకపిండి నానబెట్టిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు ఈయన సొంతంగా చేర్చారు. మంగళవారం ఆరూ పదికి ఆర్డినరీకి చెంచాడు. ఆరూ ఇరవైకి ఎక్స్‌ప్రెస్‌కి రెండు. పాలవాడితో మాట్లాడుతూ ఆరూ ఇరవై ఏడైతే, ఎదురుగా ఎర్ర సిరాతో 'లేటు' అని రాసుకునేవారు. గోంగూరకి లేటు! మురిక్కాలవ గట్టున ఎవడూ చూడకుండా మొలిచే గోంగూరకి!

అన్నిటికంటే నా కడుపు మండింది నీళ్ళ దగ్గర. మంచి నీళ్ళే పొయ్యాలని పట్టికలో ఉందట. రోజూ ఒక ఇరవై లీటర్ల టిన్ను మేడెక్కేది. మేం తాగడానికి కొనుక్కునే టిన్ను! ఈ సంగతి నేనే నోరు జారి టెక్కలికి ఫోన్లో చెప్పాను.

"కవిటిలో మా అక్క డయాలసిస్‌కెళ్ళొత్తాది. దానికి గ్లాసుతో కొలిసి ఇత్తారు నీళ్ళు," అంది అప్ప. "ఈయన గోగుకి టిన్ను పోత్తన్నాడా? వచ్చాక సెప్తాను."

ఆ మాట చేరవేశాను. తోమాగారు మర్నాటి నుంచి టిన్ను మానేశారు. మిగతావి మానలేదు.

మొక్కలు మాత్రం పెరిగాయండీ. అబద్ధమాడకూడదు. సెప్టెంబరు ఆఖరుకి ఆయన తలదాటాయి. ఆకు అరచెయ్యంత. నలుపు తిరిగిన పచ్చ, నూనె రాసినట్టు మెరుపు. దారిన పోయేవాళ్ళు తలెత్తి చూసేవారు. అందరూ మెచ్చుకుంటున్నారనుకుని ఈయన పైనుంచి చెయ్యూపేవారు.

కోతపండుగ ఆదివారం. అంతకుముందు శనివారం పొద్దున్న హోంగార్డు బైరాగి వచ్చాడు. మోహన్ దాచిన రెండో కాపీ వాడి జేబులో ఉంది. తోమాగారు ఒకప్పుడు ఎన్నోసార్లు సీటిప్పించిన మనిషి, పాపం, అడగలేక చస్తున్నాడు.

"కంట్రోలర్ గారూ, ఏటీ అనుకోకండి. ఇది గోగని మీరంటే నాను నమ్ముతాను. ఎస్సైగారిని నమ్మించాలి కదా. కాదని తేలితే మొక్కలన్నీ పీకి పట్టుకెళ్ళిపోవాల."

"రేపు చర్చికియ్యాలి బైరాగీ!"

"అందుకే సూత్తన్నాను."

నన్ను సాక్షిగా పిలిచారు. గోడ దాటి వెళ్ళాను. కాగితం మీది ఇంగ్లీషు పేరు అప్పుడు చదివాను. గంజాయి.

"ఇందులో సూసేదేటుంది?" అన్నారు తోమాగారు. "నమిలి సూడు. కన్ను మూసుకుపోతాది."

బైరాగి ఎక్స్‌ప్రెస్ నుంచి ఒక ఆకు తుంపి నమిలాడు. మేమిద్దరం వాడి కన్ను కేసే చూస్తున్నాం. రెండు కళ్ళూ నిక్షేపంగా తెరిచే ఉన్నాయి. ఇంకో ఆకు నమిలాడు. ఆర్డినరీది.

"పులుపేదండీ?"

తోమాగారు తనే ఒక గుప్పెడు నోట్లో కుక్కుకున్నారు. నమిలారు, నమిలారు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. ఎనిమిది వారాల మేతకి ఆకులోకి అన్నీ వచ్చాయి, పులుపొక్కటే పోయింది.

"మాస్టారూ, మీరు సూడండి," అన్నాడు బైరాగి.

నేనూ నమిలాను. పశువులు తినే గడ్డి ఎప్పుడూ తినలేదు గానీ, బహుశా ఇలాగే ఉంటుంది. ఇరవయ్యేళ్ళ పొరుగువాణ్ణి. ఆ విత్తనం పడేటప్పుడు చూసినవాణ్ణి. గట్టిగా "ఇది గోగే" అనాల్సినవాణ్ణి. "అంటే… ఆకు చూస్తే మరి…" అని నీళ్ళు నమిలాను. తోమాగారు నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గోడ దగ్గర గుర్తొస్తుంది.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. టెక్కలి బస్సు దిగి, సంచి కూడా దింపకుండా దోర్కాసప్ప పైకొచ్చింది. ఖాకీ చూసింది, నన్ను చూసింది. చెట్లంత అయిన తన మొక్కల్ని చూసింది. సుద్దతో రాసిన పేర్లు ఒక్కొక్కటే చదివింది. ఒక ఆకు తుంపి నమిలి, పక్కకి ఉమ్మేసింది.

"సెప్పమ్మా," అన్నాడు బైరాగి ఆశగా. "ఇది గోంగూరేనా?"

"కాదు."

తోమాగారు ఆవిడ కేసి ఒక అడుగు వేశారు. "దోర్కా!"

"నాను విత్తింది గోంగూరే. మీరు పెంచింది ఏటో నాకేటి తెలుసు?" అంది. "మీకు పుణ్యముంటాది, నీళ్ళు పొయ్యండని కదా సెప్పాను? గోగుకి పులుపెలగొత్తాది? ఎండకి ఎండి, నీళ్ళు చాలక, దాని పాట్లు అది పడితే వత్తాది. కూకోబెట్టి టైముకి మేపితే ఏటొత్తాది? రిటైరైన కంట్రోలర్ లాగుంటాది!"

బైరాగి దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. తోమాగారు చెవి మీది పెన్ను తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు.

అప్ప సంచి దింపి నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళింది. అక్కడొక పగిలిన బకెట్టు ఉంది. జులైలో మిగిలిన నాలుగు గింజలు అందులో విదిల్చిందట. టైంటేబుల్లో దానికి పేరు లేదు. అందుకని ఎనిమిది వారాలుగా చెంచా లేదు, చేప నీళ్ళు లేవు. వాన పడితే తాగాయి, లేకపోతే లేదు. మోకాలెత్తు పుల్లలు నాలుగు, పురుగు కొట్టిన ఆకులు. ఒకటి తెచ్చి బైరాగి నోటి ముందు పెట్టింది.

"ఇది నమిలి సెప్పు. రెండూ ఒక్క విత్తనమే."

బైరాగి నమిలాడు. కుడి కన్ను మూసుకుపోయింది. ఎడమది కూడా సగం.

"గోంగూరమ్మా! గోంగూరే!" అన్నాడు ఒంటి కన్నుతో. "వత్తాను. టేషన్లో నాను సెప్పుకుంటాను." ఆ కాగితం నాలుగు ముక్కలు చేసి మెట్లు దిగాడు.

ఆ ఇరవై డబ్బాల ఆకూ ఆ మధ్యాహ్నం వీధి చివర మేకలకి పోయింది. ఇష్టంగానే తిన్నాయి. మేకలు వేలానికి రావు కదా.

మర్నాడు చర్చిలో వేలం పాడేది ఆరోన్, దోర్కాసప్ప తమ్ముడు. వాడికి ఈ కథంతా తెలుసు. అప్పటికి ఊరందరికీ తెలుసు. నన్నూ పిలిచారు, వెనక బెంచీలో కూర్చున్నాను. వేదిక ముందు అరటి గెలల మధ్య, గోగు నారతో కట్టిన ఒక చిన్న కట్ట. పిడికిట్లో పట్టేంత. ఆకులకి చిల్లులు. అప్ప తల వంచుకుని కూర్చుంది. పదకొండేళ్ళుగా రెండు చేతులతో ఎత్తాల్సిన కట్ట తెచ్చిన మనిషి ఆవిడ.

ఆరోన్ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తాడు. "మొదటిది మా అప్ప గోంగూర. సైజు చూసి నవ్వకండి. బావ చెయ్యి పడలేదు, నాదీ గ్యారంటీ!"

చర్చంతా నవ్వింది. పాస్టరమ్మగారు నవ్వుతూనే వేలం పాట మొదలుపెట్టారు. ఇంకెవరో పెంచారు. అంత చిన్న కట్టకి అంతకంటే ఏం పలుకుతుందని ఆరోన్ "ఒకటోసారి" అన్నాడు. అప్పుడు మగాళ్ళ వైపు నుంచి తోమాగారు లేచారు. పెంచారు. పాస్టరమ్మగారు పెంచారు. ఈయన మళ్ళీ పెంచారు. పాస్టరమ్మగారు చెయ్యి దించేసినా ఈయన ఆగలేదు. తన పాట మీద తనే పెంచుకుంటూ పోయారు.

"బావా, ఇంట్లోదే కొనుక్కుంటన్నావేటి? ఊరికే వండి పెడతాది కదా!"

"అది నా సర్వీసు కాదు," అన్నారు తోమాగారు. "కొనుక్కోవాల్సిందే. నువ్వు పాడు."

ఆ రోజు నాటుకోడి కూడా అంత పలకలేదు. వచ్చే ఏడు మొదట పైకి లేచేది మళ్ళీ అప్ప కట్టే. ఆవిడ మాత్రం ఆడవాళ్ళ వైపు నుంచి మొగుడికేసి చూసి, "పిచ్చి మారాజు," అని పక్కావిడకి వినబడేలా అంది. ఆ తర్వాత తల వంచుకోలేదు.

మధ్యాహ్నం నన్నూ భోజనానికి పిలిచింది. మేడ మీద నేను నీళ్ళు నమిలిన సంగతి మొగుడు చెప్పేసినట్టుంది. "సాక్షిగారు రండి," అనే పిలిచింది. ఎండు రొయ్యలతో గోంగూర. మనిషికి రెండు ముద్దల కంటే రాదు. తోమాగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏటండి, టైముకొచ్చిందా?" అంది అప్ప.

ఆయన తలూపారు. మింగారు. కన్ను ఇంకా తెరుచుకోలేదు, ఆలోచన మాత్రం తెరుచుకుంది.

"దోర్కా, ఇంత మంచి విత్తనం కదా. వచ్చే ఏడు ఆ బకెట్టుకి కూడా వారానికొక్క చెంచా…"

అప్ప చెయ్యి చాపి ఆయన చెవి మీది పెన్ను లాగేసుకుంది. తన ముడిలో దోపుకుని, గిన్నెలో మిగిలినదంతా ఆయన కంచంలో వేసింది.