ఉప్పు వేయని పప్పు

మా చేనులో బోరు పడింది తొంభై ఐదు వేసవిలో. బెళుగుప్పకు దగ్గర్లోని మా పల్లెలో మాకున్నది నాలుగెకరాల మెట్ట. బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలాయి. ఈ కరువు సీమలో నీళ్లు పడటమే గొప్ప, రుచి ఎవరు చూస్తారు? పల్లాన ఉన్న ముప్పై సెంట్లలో ఆ నీళ్లు నిలిచి ఆరి, మళ్లీ నిలిచి ఆరి, మూడేళ్లకు మట్టి మీద తెల్లటి పొర కట్టింది. వేసిన వేరుశనగ విత్తనం మొలవకుండానే కుళ్లిపోయింది. తెల్ల చౌడు అన్నారు చూసినవాళ్లు.

బోరు నీళ్లు అటు పోకుండా ఆపేశాం. చౌడు మాత్రం తగ్గలేదు.

"ఇడ్సిపెట్టే. సర్కారు తుమ్మ మొలుస్తుంది. బొగ్గులు కాల్చేవాళ్లకిస్తాం" అన్నాడు మా ఆయన.

సర్కారు తుమ్మ సంగతి నాకు తెలుసు. ముప్పై సెంట్లలో వేరూనితే పదేళ్లలో నాలుగెకరాలూ తినేస్తుంది. పైగా బోరుకు ముందు మా చేనులో బాగా పండింది ఆ పల్లమే. రెండేళ్లు గడువు అడిగాను.

"సరే. రెండువేల సమచ్చరంలో మృగశిరకి గింజేస్తాం. మొలిస్తే నీది, లేకుంటే తుమ్మది."

ఆ ఏడు, అంటే తొంభై ఎనిమిదిలో, తొలివానకు చౌడులో మొలిచింది ఒక్క గంగపాయల ఆకే. దాన్ని మొత్తం పీకించాను. మా వైపు చేనులో కలుపు కనబడితే ఆ ఇంటి ఆడదానికి నామర్దా. పంట లేని నేలైనా ఊడ్చినట్టు ఉండాలి. మాకు కూలికి వచ్చే ఆమె, నేను కలిసి రెండు రోజులు పీకి, అలవాటు ప్రకారం పీకింది అక్కడే కుప్పేశాం. ఎనిమిదో రోజుకు నేల మునుపటికంటే తెల్లబడింది. గట్టు వార మేము చూడక వదిలేసిన రెండు మూరల చోట మాత్రం ఆకుల కింద మట్టి ఎర్రగానే ఉంది. క్యాలెండరు మీద రాసుకున్నానే గానీ, ఎందుకో అర్థం కాలేదు.

ఆ గట్టు వారది కోసుకొచ్చి పప్పు చేశాను. మొదటి ముద్దకే మా ఆయన మొహం చిట్లించాడు.

"ఏమే, ఉప్పు రెండుతూర్లు ఏసినావా?"

"చెంచాన్నరే ఏసినా."

"నీ చెంచా పెద్దదైనట్టుండాది!"

కొలత తప్పానన్న మాట నేను పడలేను. మర్నాడు పెరట్లోని గంగపాయల, చౌడులోని గంగపాయల రెండూ తక్కెడలో సమంగా తూచి, అంతే కందిబేడలతో వేరువేరుగా ఉడికించాను. పెరటిదానికి చెంచాన్నర పట్టింది. చౌడుదానికి ముప్పావు చెంచా చాలింది. మిగతా ముప్పావు చెంచా ఆకులోనే ఉంది.

మరి అంత ఉప్పు తాగి అది ఎందుకు చావలేదు? ఆకు చిదిమి చూశాను. మందంగా, నిండా నీళ్లు. పప్పులో ఉప్పెక్కువైతే మనం నీళ్లు పోసి సరిచేస్తాం. అదీ తన ఒంట్లో అదే చేసుకుంటున్నదేమో. వేరుశనగ ఆకుకు ఆ ఉపాయం లేదు.

రెండు గిన్నెలూ కూలామెకు రుచి చూపించి లెక్క చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"అట్లయితే మనం శానా తెలివైనోళ్లమక్కా! ఉప్పు పీకి మళ్లా ఆ ఉప్పులోనే కుప్పేసినాం."

ఆ మాటతో పని తీరు మారింది. తర్వాతి వానకు మళ్లీ మొలిచిన గంగపాయలను నేల కప్పేదాకా పెరగనిచ్చాం. నీడ పడితే ఎండకు నేలలోని చెమ్మ పైకి రావడం తగ్గింది, దాంతోపాటు వచ్చే ఉప్పూ తగ్గింది. పూతకు రాగానే కోసి గంపలకెత్తి బయట వేశాం. మూడు కోతల్లో అరవై రెండు గంపలు. కొంత ఆమె మేకలు తిన్నాయి. "నీ ఉప్పాకు తిని నా మేకలు తొట్టి ఖాళీ చేస్తాండాయి, నీళ్లు నువ్వే మోయాల" అని రోజూ దెప్పేది. వాన నీళ్లు నిలిచి ఉప్పును లోపలికి దింపాలని చుట్టూ గట్టు ఎత్తు చేశాం. మరుసటి ఏడు జీలుగ చల్లాం. అదీ చౌడుకు తట్టుకునే మొక్కే. దాన్ని మాత్రం కోసి మోయలేదు, నలభై ఐదో రోజున పచ్చిరొట్ట ఎరువుగా అక్కడే దున్నించాను. దాని వేర్లు దిగినచోట గట్టిపడిన నేల గుల్లబారింది.

రెండువేల సంవత్సరం మృగశిరలో సజ్జ విత్తాం. ఒక సాలులో వంద గింజలు నేనే లెక్కపెట్టి వేశాను. మెరకలో ఇంకో వంద. ఆరో రోజు పొద్దున్నే ఒంగి లెక్కపెట్టాను. మెరకలో ఎనభై ఒకటి, చౌడులో యాభై ఎనిమిది. ఇందులో గంగపాయల వాటా ఎంత, జీలుగ వాటా ఎంత, వాన వాటా ఎంత అని అడిగితే నేను చెప్పలేను. విడివిడిగా చేసి చూడలేదు.

"యాభై ఎనిమిదా?" అన్నాడు మా ఆయన.

"కావాలంటే నువ్వే లెక్కపెట్టు."

"నాకేం పనిలేదా!" అన్నాడు గానీ సాలు పొడుగునా నడిచి చూసి వచ్చాడు. గట్టు మీద సర్కారు తుమ్మ మొలకలు రెండు అప్పటికే మోకాలెత్తు ఉన్నాయి. ఇంటికి పోయి గడ్డపార తెచ్చి రెండింటినీ వేర్లతో పెళ్లగించాడు.

కింది మూల ఆరు సెంట్లలో ఒక్క గింజా మొలవలేదు. చెమట తుడుచుకుంటూ అటు చూపించాడు.

"ఆ మూల నీ గంగపాయలకే ఇడ్సిపెట్టు. పప్పులో మాత్రం ఉప్పు చూసి ఎయ్యి."