తాడుకు ఆ కొసన యాదమ్మక్క

ఈ ఉదయం వచ్చిన బట్టల మూట వానకు తడిసింది. దానికి కట్టిన కొబ్బరి తాడు ముడి విప్పుతుంటే ఆ వాసన తగిలింది. నానిన పీచు, కొంచెం మట్టి, కొంచెం పులుపు. నల్లగొండలో మా మ్యాచింగ్ సెంటర్ పక్క దుకాణం ఇప్పుడు మొబైల్ ఫోన్లది. అక్కడ ఏ వాసనా ఉండదు. ఒకప్పుడు వానాకాలమంతా ఆ గుమ్మంలోంచి ఈ వాసనే వచ్చేది. అది యాదమ్మక్క తాళ్ల దుకాణం. బర్రె మెడకు కట్టే పలుపు నుంచి మంచానికి అల్లే నులక దాకా ఆమె దగ్గర దొరకని తాడు లేదు. నాకు చుట్టం కాదు. మా రెండు దుకాణాల మధ్య ఒక గోడ, ఆ గోడకు ముందువైపు ఇద్దరం సంచులు తగిలించుకునే ఒక మేకు. అదే మా చుట్టరికం.

నేను దుకాణదారుల ఇంట్లో పుట్టిన దాన్ని. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా వాళ్లు నవ్వేవారు. ఆటోవాడితో గీచి గీచి బేరమాడి, ఆ గెలుపు సంబరంలో సంచి ఆటోలోనే మరిచి దిగిన ఘనత కూడా నాదే. యాదమ్మక్క బేరం వేరు. హైదరాబాద్‌లో సరుకుకు కలిసి వెళ్లినప్పుడు నేను నేరుగా పోయి సేటు ముందు పరుపు మీద కూర్చునేదాన్ని. ఆమె మాత్రం గుమ్మం దగ్గరే నిలబడేది.

"గట్ల పోంగనే కూసుంటే ఎట్ల లేస్తవే?" అనేది బయటికొచ్చాక. "సల్లటి నీళ్లిస్తడు, చాయ తెప్పిస్తడు, ఇగ నీ నోరు లేస్తదా? కూసునే ముందే లేసే తొవ్వ సూసుకోవాలె."

మా ఆయన చనిపోయిన ఏడాది నేను దుకాణం తెరిచేదాన్నే గానీ బేరం చేయడం మానేశాను. వచ్చినవాళ్లు ఎంతకు అడిగితే అంతకు ఇచ్చేసేదాన్ని. పిల్లలు లేని ఇల్లు. రాత్రి ఎంతసేపు మాట్లాడకుండా ఉన్నానో పొద్దున గొంతు పెగలనప్పుడు తెలిసేది. బజారులో అందరూ అయ్యో పాపం అన్నారు. యాదమ్మక్క మాత్రం భయపడింది. తెలంగాణ వచ్చాక మంచి వానలు పడ్డ ఏడు అది. పానగల్ దగ్గర ఆమె తమ్ముడి పొలంలో బావి గట్టు దాకా నిండింది. ఒక ఆదివారం నన్ను అక్కడికి లాక్కుపోయింది.

"ఏందక్కా, నన్ను ముంచుతవా ఏంది?"

"ఇంట్ల ఒక్కదానివే కూసోని మునుగుతనే ఉన్నవ్ గద! నీళ్లల్లన్న తేల్తవేమో సూద్దాం, పా."

మా వైపు పిల్లలకు ఈత నేర్పే పద్ధతే నాకూ. నడుముకు ఖాళీ నూనె డబ్బా, దానికో తాడు, తాడు రెండో కొస మెట్టు మీద కూర్చున్న యాదమ్మక్క చేతిలో. నలభై దాటిన మనిషిని, చీర కాసెపోసి, వీపున డబ్బాతో నీళ్లలో కొట్టుకుంటుంటే ఆమె తమ్ముడు మర్యాదకు అటు తిరిగి నవ్వాడు. దిగేముందు ఆమె నన్ను బావి చుట్టూ తిప్పి, ఎక్కే మెట్లు ఎక్కడున్నాయో నా నోటితోనే చెప్పించింది. నేను భయపడి అరిస్తే బదులు పలికేది కాదు. తాడును మెల్లగా ఒకసారి గుంజేది. ఉన్నానని. ఆ సీజనంతా కొట్టుకుంటే ఈతలాంటిది ఏదో వచ్చింది గానీ ముఖం మాత్రం నీళ్లలో పెట్టలేకపోయాను.

"మొఖం ముంచవేందే? పౌడర్ పోతదనా?"

"పానం పోతదని."

"నేను పట్టుకున్న గద!"

ఒక మధ్యాహ్నం గిరాకీ లేక ఇద్దరం నా ఫోన్ చూస్తుంటే అందులో ఒక విహార ఓడ కనిపించింది. నీలి నీళ్లలో మనుషులు నోట్లో గొట్టాలు పెట్టుకొని బోర్లా తేలుతున్నారు.

"గీళ్లకేమైందే, అందరు బోర్ల పడ్డరు?"

"కింద చేపలను చూస్తున్నరక్కా."

కాసేపు చూసింది. "మనం గూడ పోదాం. బేరం నువ్వు చెయ్యి, తాడు నేను పట్టుకుంట. ఈసారి వానలకు నీకు మొఖం ముంచుడు నేర్పుత."

ఆ వానలు వచ్చేసరికి ఆమె దవాఖానలో ఉంది. నేను వెళ్తే తన రోగం మాట ఎత్తలేదు. "బాయి నిండిందా?" అని అడిగింది. నిండిందన్నాను. "మరి పోయి నేర్సుకో" అంది. అవే ఆమె నాతో అన్న చివరి మాటలు. దుకాణం ఖాళీ చేసే రోజు వాళ్ల తమ్ముడిని అడిగి ఆ తాడు, ఆ డబ్బా తెచ్చుకున్నాను.

ఓడకు పోవాలనుకోవడానికి చాలా కాలం పట్టింది. ఒక్కరికైనా ఇద్దరి గది కిరాయి కట్టాలన్నారు. సగం మంచం వాడనని ఫోన్‌లోనే బేరమాడాను. అవతలి అమ్మాయి నవ్వింది గానీ తగ్గించలేదు. ముంబై రేవులో తనిఖీ చేసేవాడు నా పెట్టెలోంచి నూనె డబ్బా తీసి ఇదేమిటని అడిగాడు. ఈతకని చెప్పాను. పక్కవాళ్లను పిలిచి మరీ చూపించాడు. చివరకు, "డబ్బా మీరుంచుకోండి, తాడు నాకివ్వండి" అని బేరం తెంపాను. అంత నష్టపు బేరంలోనూ నాకు కావలసిందే నాకు మిగిలింది.

లక్షద్వీప్ చేరే ముందురోజు ఓడలో విహారాలు రాసుకునే బల్ల దగ్గర ఒకతను బొమ్మలు చూపించాడు. అడుగున అద్దమున్న పడవలో కూర్చొని చేపలు చూడొచ్చు. తడవాల్సిన పనే లేదు. నా వయసుకు అదే మంచిదన్నాడు. పడవ మీంచి లోతు నీళ్లలోకి దూకేది ఇంకొకటి. దీవి ఒడ్డు నుంచి నడిచి దిగేది మరొకటి.

"ఈత వస్తుందా?" అని హిందీలో అడిగాడు.

"మా బావి వరకు వస్తది" అన్నాను మా నల్లగొండ హిందీలో. ధర అడగకుండా ముందు అడిగింది ఒక్కటే, "ఎక్కేది ఎక్కడ?" దూకే చోట ఊగే నిచ్చెన. ఒడ్డు నుంచి దిగే చోట కాళ్లు ఆనించి నిలబడితే చాలు, నీళ్లు ఛాతీ వరకే. అద్దం పడవ వైపు చెయ్యి పోయింది. అందులోనైతే ముఖం ముంచక్కర్లేదు. పొడి చీరతో పోయి పొడి చీరతో రావచ్చు. అప్పుడు మరి ఆమెతో ఏం చెప్పుకోను? ఒడ్డు నుంచి దిగేదే రాయించుకున్నాను.

నీళ్లలో మమ్మల్ని చూసుకునే దీవి మనిషికి తాడు ఒక కొస ఇచ్చి, రెండోది నా లైఫ్ జాకెట్‌కు కట్టుకున్నాను. "పకడ్‌కే రహో భాయ్, ఛోడ్నా నై" అన్నాను. అతను నవ్వలేదు, చేతికి చుట్టుకున్నాడు. ముఖం నీళ్ల దగ్గరకు తీసుకుపోవడం, వెనక్కి లాక్కోవడం. ఎన్నిసార్లు అలా చేశానో. ఆఖరికి ముంచాను.

ముందు గొట్టంలో నా ఊపిరి చప్పుడే వినిపించింది. తర్వాత రంగులు. చిలకపచ్చ, కనకాంబరం, నెమలికంఠం, అన్నీ నా అరల్లో ఉన్నవే. అంతలో ఒకటి పగడాల సందులోంచి వచ్చింది. దాని అంచు రంగుకు నా దుకాణం మొత్తంలో మ్యాచింగ్ లేదు.

తలెత్తి, గొట్టం ఊసేసి, "అక్కా, గిటు సూడు!" అని అరిచాను.

ఒడ్డున ఎవరెవరివో చెప్పులు. ఎవరివో తలలు తుడుస్తున్న ఎవరో మనుషులు.

నేను మునుగుతున్నాననుకున్నాడేమో, ఆ మనిషి తాడును మెల్లగా ఒకసారి గుంజాడు.

ఈత కళ్లద్దాల్లోకి నీళ్లు వచ్చాయని చెప్పాను. తుడిచి ఇచ్చాడు. మళ్లీ ముంచాను.

ఆ తాడు ఇప్పుడు మా రెండు దుకాణాల మధ్య గోడకు, పాత మేకుకే వేలాడుతోంది. కొనేవాళ్లు అడుగుతారు, అమ్మేది కాదంటాను. సాయంత్రం షట్టర్ దించే ముందు, ఎవరూ చూడనప్పుడు, దాన్ని ఒకసారి గుంజి చూస్తాను. మేకు గట్టిగానే ఉంది.